అడుగు పొర

ఆసుపత్రుల్లో ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్ళు చొక్కాకు ఒక చిన్న బిళ్ళ తగిలించుకుంటారు. మూడు నెలలకోసారి ఆ బిళ్ళలన్నీ ఇందుమతి పనిచేసే ప్రయోగశాలకు చేరతాయి. బిళ్ళలోని తెల్లటి రేకును వేడిచేస్తే అది కాసేపు మెరుస్తుంది. ఎంత మెరిస్తే ఆ మనిషి ఒంటికి అంత రేడియేషన్ తగిలినట్టు. మెరిసిన తర్వాత రేకులో ఏమీ మిగలదు. రెండోసారి వేడిచేసినా నల్లగానే ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఇందుమతి ఆ రేకులను చదువుతూ, చదివినవాటిని పక్కన పడేస్తూ వస్తోంది. అందుకే ముషీరాబాద్‌లోని తమ ఇంట్లో, డాబా మీది రేకుల గదిలో జరిగింది ఆమెకు వెంటనే అర్థమైంది. వేరెవరైనా అయితే దయ్యమనుకుని కిందికి పరుగెత్తేవాళ్ళు.

ఆ గదిలో ఆమె పాత టీవీ ఒకటి బాగుచేస్తోంది. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో తండ్రి విఠల్ కొన్న టీవీ అది. నాలుగు కాళ్ళ చెక్కపెట్టె, ముందు అటూఇటూ జరిగే చెక్క తలుపులు, ఆ తలుపుల మధ్య తాళం ఉండాల్సిన చోట రూపాయి బిళ్ళలో సగమంత రంధ్రం. ఆ తాళాన్ని ఇందుమతి అక్క చంద్రకళ నాలుగేళ్ళ వయసులో గరిటె కాడతో పెకలించిందట. టీవీ ఇంటికొచ్చి అప్పటికి వారం కూడా కాలేదని తండ్రి నవ్వుతూ చెప్పేవాడు. ఆ పిల్ల ఆరేళ్ళకు మెదడువాపు జ్వరంతో పోయింది. అప్పటికి తల్లి రాజమణి కడుపులో ఇందుమతి రెండు నెలల పిండం. కళ పోయిన రోజు మూసిన ఆ చెక్క తలుపులను రాజమణి మళ్ళీ తెరవనివ్వలేదు. తండ్రి మాత్రం ప్రతి ఆదివారం తడిగుడ్డతో పెట్టెను తుడిచేవాడు. అది వెలగగా మళ్ళీ చూడకుండానే తొమ్మిదేళ్ళ కిందట ఆయనా పోయాడు. ఆ నెలలోనే రాజమణి దానికి దుప్పటి చుట్టించి, హాల్లోంచి డాబా మీది గదికి ఎక్కించింది.

"ఏమన్న చేస్కో. నా కండ్ల ముందర మాత్రం పెట్టకు" అంది రాజమణి, కూతురు ఆ టీవీని బాగుచేస్తానన్నప్పుడు. పెళ్ళి ఏడాదికే విడిపోయి పుట్టింటికి తిరిగొచ్చిన కూతురితో ఆమె మాటలు ఎప్పుడూ అంతే పొట్టిగా ఉండేవి.

వెనకవైపు అట్ట విప్పితే లోపల ఎండిపోయిన బల్లి, చేయెడు దుమ్ము, మైనం కారి గట్టిపడ్డ కెపాసిటర్లు కనిపించాయి. పదకొండు వాల్వుల్లో మూడు కాలిపోయాయి. సుల్తాన్‌బజార్ వెనక సందులో ఇంకా పాత రేడియోలు బాగుచేసే ఫసీయుద్దీన్ చాచా తన డబ్బాలన్నీ వెతికి వాటికి జోడీలు ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట చెప్పాడు.

"ఒక్కసారే కరెంట్ ఇయ్యకు బేటీ. నలభై ఏండ్లు పండుకున్నదాన్ని చెంపమీద కొట్టి లేపుతమా? ముందర ఒక బల్బు పెట్టు. బల్బు ఎంత మింగితే టీవీకి అంత తక్కువ పోతది. రోజు కొంచెం, రోజు కొంచెం."

ఆమె అలాగే చేసింది. సాయంత్రం ఇంటికి రాగానే పైకెక్కి, అరగంట కరెంటు ఇచ్చి, వేడెక్కిన మైనం వాసన పీల్చి ఆపేసేది. నాలుగో వారంలో వాల్వులన్నీ నారింజరంగు కాంతితో నిలబడ్డాయి. ఆ శనివారం మధ్యాహ్నం గది కిటికీకి దుప్పటి కట్టి, మొదటిసారి పిక్చర్ ట్యూబుకు వేల వోల్టుల కరెంటు వదిలింది.

యాంటెన్నా లేదు. తెర మీద ఉత్త బూడిదరంగు రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ బూడిదరంగులో కింద ఒక కిటికీ చువ్వలు, పైన తలకిందులుగా వేలాడుతూ ఒక మంచం కనిపించాయి. మంచం మీద ఒక మనిషి. ఎడమ పాదానికి కట్టు. బట్టతల.

"నాన్నా" అంది ఇందుమతి.

ఆయన పోయే ముందు చివరి వేసవి అది. షుగర్ పుండుకు కట్టు కట్టించుకుని హాల్లో మంచం మీదే ఉండేవాడు. నలభై క్షణాలు నిలిచి, అంచుల నుంచి లోపలికి ఆ రూపం కరిగిపోయింది. ఆమె ఆపి మళ్ళీ వేసింది. ఉత్త బూడిద. పదిసార్లు వేసింది. అంతే.

అప్పుడు మెల్లగా కూర్చుని ఆలోచించింది. చెక్క తలుపులు మూసి ఉన్న టీవీ ఒక చీకటి పెట్టె. తాళం రంధ్రంలోంచి పగటి వెలుతురు లోపలికి పోయి, ఎదుటి గదిని తలకిందులుగా తెర మీద వేసింది. తెర లోపలి పూత ఆ వెలుతురును పట్టుకుంది, తమ ప్రయోగశాలలో రేకులు పట్టుకున్నట్టు. ఒక్క రోజుది కాదు. నెలల తరబడి పగళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డ ముద్ర. కదలకుండా ఉన్న మనిషి స్పష్టంగా, కదిలిన మనిషి పొగలాగా పడతారు. ఏళ్ళు గడిచేకొద్దీ పాత ముద్ర లోతుకు ఇంకి పైన కొత్తది చేరుతుంది. కరెంటు తగిలితే పై పొర మెరిసి రాలిపోతుంది.

కరెంటును ఒక్క పిసరు పెంచి చూసింది. తెర మూల ఇంకేదో కదిలింది. కింద ఇంకో పొర ఉంది. భయపడి ఆపేసింది. తండ్రిని చివరిసారి చూసింది తనే. చూడటమే ఆయన్ని చెరిపేసింది.

ఆ సంగతి ఆమె తల్లికి చెప్పకుండా ఉండాల్సింది. ఆ రోజు అన్నం దగ్గర ఏడుపు ఆగక మొత్తం చెప్పేసింది.

రాజమణి ముద్ద నోట్లో పెట్టుకోలేదు. చేయి కడుక్కుంది. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా డాబా ఎక్కని మనిషి గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి రేకుల గదిలోకి వచ్చింది.

"అడుగున కళ ఉంటది. అప్పుడు గూడ పగలంత ఆ తలుపులు మూసే ఉంచేటోళ్ళం" అంది.

"ఉండొచ్చు. అప్పట్ల టీవీ ఏసినా పైపైదే పోయి ఉంటది. కానీ దానిమీద ముప్పై ఏండ్లు నాన్న ఉన్నడమ్మా. నేనున్న. పైది పోతేగాని కిందిది రాదు."

"పోనీ."

"రెండొద్దులు ఆగు. మా ల్యాబుల సన్నటి వెలుతురును ఫొటో తీసే కెమెరా ఉంటది. అడిగి తెస్త. ఒక్కొక్కటి తీసి పెట్టుకుందం. ఫోనుల గీతలు తప్ప ఏం వస్తలెవ్వు."

"మీ నాయనకు కెమెరా ఎందుకు? ఆయనతోని ముప్పై ఏడేండ్లు కాపురం చేసిన. ఆయన మొఖం నాకు యాదికున్నది." రాజమణి టీవీ పెట్టె మీద చేయి ఆనించి నిలబడింది. "కళ మొఖం యాదికి లేదు. ఉన్న రెండు ఫొటోలు పెట్టెల పెడితే చెదలు తిన్నది. రోజు పొద్దున లేస్తనే కండ్లు మూసుకొని జూస్త. జుట్టు కనవడ్తది, గౌను కనవడ్తది. మొఖం ఉండది. కన్నతల్లికి బిడ్డ మొఖం యాదికి లేకపోతే ఎట్లుంటదో నీకేం తెలుస్తది? నీకు పిల్లలా?"

ఇందుమతికి ఆ చివరి మాట గుచ్చుకుంది. అయినా అంతకుముందు అన్న మాటలు తల్లి నోట తను ఎన్నడూ వినలేదు. టీవీ పెట్టెను జాగ్రత్తగా తలకిందులు చేసి నిలబెట్టి, బొమ్మ నిటారుగా వచ్చేట్టు చేసింది. మరునాడు ఆదివారం మధ్యాహ్నం దుప్పట్లు కట్టి, తల్లికి కుర్చీ వేసి, కరెంటు పెంచింది.

మొదటి పొరలో తండ్రి ఉద్యోగం మానేసిన కొత్త. మంచం మీద వాలి పేపరు చదువుతున్నాడు. పేజీలు పొగలా ఉన్నాయి, వాటిని పట్టుకున్న వేళ్ళు స్పష్టంగా ఉన్నాయి. రాజమణి కూడా ఆ గదిలోనే తిరుగుతూ ఉండేది కదా, కానీ ఆమె ఎక్కడా లేదు. ఎప్పుడూ ఏదో ఒక పని మీద నడిచే మనిషి ముద్ర పడేంత సేపు ఎక్కడా నిలబడలేదు.

"పెంచు" అంది రాజమణి.

తర్వాతి పొరలో తండ్రి తలకు జుట్టుంది. ఆయన భుజానికి ఆనుకుని పదిహేనేళ్ళ పిల్ల ఒకతి కళ్ళు మూసుకుని ఉంది. ఇందుమతికి అప్పుడు కామెర్లు. రెండు నెలలు బడి మాన్పించి, ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసొచ్చి, పగలంతా ఆయన అలాగే కూర్చునేవాడు. తను నిద్రపోతే, ఎక్కడ లేస్తుందోనని ఆయన భుజం కదిపేవాడు కాదు. ఎంత కదలకుండా కూర్చున్నాడో ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ గాజు చెప్పింది. చొక్కా జేబులో పెన్ను క్లిప్పు కూడా కనిపిస్తోంది.

"అమ్మా, ఇది ఒక్కటి..."

"ఇదెప్పటిది? ఇంక పైననే ఉన్నం. పెంచు."

"నలభై సెకన్లుంటది. చూడనియ్యి."

రాజమణి కుర్చీలోంచి వంగి, కూతురు తిప్పుతున్న నాబ్‌ను తానే తిప్పింది. ఆ భుజం, దానిమీది తల, పెన్ను క్లిప్పు ఒక్కసారి తెల్లగా వెలిగి పోయాయి.

ఇందుమతి లేచి కరెంటు తీసేసింది.

"ఇగ కింద కళ పొర వస్తది. దానికన్న కెమెరా కావాల్నా వద్దా?" అంది.

"కావాలె" అంది రాజమణి. "దానికి కావాలె."

గురువారం ఇందుమతి సెలవు పెట్టి కెమెరాతో వచ్చింది. రాజమణి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, రెండు గంటల ముందునుంచే పైన కుర్చీలో కూర్చుని ఉంది. కరెంటు మెల్లగా పెరిగింది. తెర నల్లబడి, మళ్ళీ తేటపడి, మధ్యలో ఒక ఆకారం కట్టుకుంది.

ఆరేళ్ళ పిల్ల. ముక్కాలి పీట మీద టీవీకి ఎదురుగా కూర్చుని ఉంది. రెండు చేతులు మోకాళ్ళ మీద. రెండు జడలు. కళ్ళు తెరను చూస్తున్నాయి. గదిలోని మిగతా వస్తువులకంటే ఆ పిల్లే గట్టిగా పడింది. రెప్పలు, పెదవుల పగుళ్ళు, ఎడమ చేతి చూపుడువేలికి చుట్టిన గుడ్డ.

రాజమణి గొంతులోంచి వచ్చింది ఏడుపో నవ్వో తెలియని శబ్దం. కుర్చీ దిగి నేల మీద కూలబడి, తెరకు ముఖం ఆనించింది. "కళా. నా తల్లీ. నా బంగారు తల్లీ. చూడే ఇందూ, ఎట్ల కూసున్నదో. నీ లెక్క కాదు. చెప్పితే వినేది. ఒక్క మాట చెప్పితే కదలకపోయేది."

ఇందుమతి వేలు కెమెరా మీద ఉంది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. చూపుడువేలు గుడ్డ ఆమెకు తెలుసు. తలుపు సందులో పడి గోరు ఊడిన వేలు అది. ఆ గోరు ఈనాటికీ వంకరే. పిల్ల వెనక గోడ పక్కన కుట్టుమిషను ఉంది. అది తను ఒకటో తరగతిలో ఉండగా కొన్నది. కళ పోయిన ఏడేళ్ళకు. బడినుంచి రాగానే తల్లి తనను ఆ పీట మీద కూర్చోబెట్టేది. మూసిన టీవీ వైపు తిప్పి, "కదిల్తే చూడు" అనేది. పరుగెత్తినా పాడినా నవ్వినా ఆమెకు పడేది కాదు. సెలవుల్లో పొద్దున్నుంచి. అన్ని నెలలు కూర్చోబట్టే అంత బాగా పడింది.

చెప్పాలి. నోరు తెరిచింది. తల్లి రెండు అరచేతులతో ఆ గాజు చెంపలను నిమురుతోంది. ఆ చేతులు తన చెంపల మీద అలా పడ్డ రోజు ఏదైనా ఉందేమోనని ఇందుమతి వెతుక్కుంది. నలభై క్షణాలు అయిపోయాయి. తల్లి ఇంకా ఖాళీ గాజును నిమురుతూనే ఉంది.

"వచ్చిందా ఫొటో?" అని అడిగింది రాజమణి.

"వచ్చిందమ్మా."

"చాలు. ఇగ బంద్ చెయ్యి."

ఆ ఫొటోను పెద్దది చేయించి, చట్రం కట్టించి, విఠల్ ఫొటో పక్కన గోడకు తగిలించింది రాజమణి. బొట్టు పెట్టింది. దండ వేసింది. ఇందుమతి పొద్దున్నే ఆఫీసుకు పోతూ దండ వెనకనుంచి తనను చూసే తన కళ్ళ ముందునుంచే పోయేది. శుక్రవారం పూలు తనే తెచ్చేది. తల్లి ఆ ఫొటోతో మాట్లాడేది. మోకాళ్ళ నొప్పి గురించి, కూరగాయల గురించి, పక్కింటి గొడవల గురించి. అంత మెత్తటి గొంతు తల్లికి ఉందని ఇందుమతికి అప్పుడే తెలిసింది. రెండు మూడుసార్లు గుమ్మం అవతల నిలబడి విన్నది కూడా. వింటే ఏదో తనకే చెబుతున్నట్టుండేది. అలా మూడు నెలలు గడిచాయి.

కళ పోయిన రోజు వచ్చింది. రాజమణి పూర్ణం పెట్టి బక్షాలు చేసి, నెయ్యి వేసి, ఫొటో ముందు ఆకులో పెట్టింది. ఇందుమతి వంటింట్లో ఒక ముక్క తుంచబోయింది.

"ముట్టకు. అది తినని" అంది రాజమణి. "అన్నీ నీకేనా? అది పోయింది, నువ్వొచ్చినవ్. దాని పలక నీకే, దాని గౌన్లు నీకే. ఈ ఒక్క పూటన్న దానికి ఉండనియ్యి."

ఇందుమతి చేయి వెనక్కి తీసుకుంది. అప్పుడు చెప్పింది. నిజం చెప్పాలని కాదు, తల్లిని నొప్పించాలని చెప్పింది. ఆ సంగతి ఆ క్షణంలోనే ఆమెకు తెలుసు.

"అది అక్క కాదమ్మా. నేను."

రాజమణికి అర్థం కాలేదు.

"వేలికి గుడ్డ చూడు." వంకర గోరు తల్లి ముఖం ముందు పెట్టింది. "వెనక కుట్టుమిషను చూడు. అదెప్పుడు కొన్నమో నీకెర్కనే. నువ్వు కూసోబెట్టినవ్. కదిల్తే కొట్టినవ్. గందుకే గంత మంచిగ పడ్డ. మూడు నెలల సంది నువ్వు ముద్దు పెట్టుకునేది నన్నే."

రాజమణి ఫొటో దగ్గరికి పోయింది. చాలాసేపు చూసింది. ఇందుమతి ఎదురు చూసింది. దేనికోసం ఎదురు చూసిందో ఆమె తర్వాత తనకు తాను కూడా ఒప్పుకోలేదు. తల్లి ఇటు తిరుగుతుందని, ఆ మెత్తటి గొంతులో ఒక్క ముక్క తనవైపు మిగిలి ఉంటుందని.

రాజమణి దండ తీసింది. ఆకు తీసి పక్కన పెట్టింది.

"గందుకేనా" అంది. "మొఖం గట్ల మొండిగ ఉన్నది."

ఫొటోను గోడవైపు తిప్పి నేల మీద పెట్టి, మెట్లవైపు నడిచింది. "పా. నా బిడ్డ ఇంక కింది పొరలనే ఉన్నది."

ఆ మధ్యాహ్నం ఇందుమతి మిగిలిన ఆఖరి పొరకు కరెంటు పెంచింది. ట్యూబు తట్టుకోగలిగిన కరెంటు అంతే. దానికి అడుగున ఏమీ లేదని, ఉన్నది కొన్న కొత్తలోని గాజేనని తల్లికి ముందే చెప్పింది. కెమెరా లేదు. అడిగి తెస్తానంటే రాజమణి ఆగలేదు.

హాలు వచ్చింది. కుట్టుమిషను లేని గోడ. కిటికీ. మంచం మీద పడుచువాడు విఠల్, స్పష్టంగా. అతని చుట్టూ, మంచం మీద, మంచం కింద, కిటికీ దగ్గర, గది నిండా ఒక తెల్లటి పొగ. ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా. తాళం రంధ్రానికి దగ్గరగా ఒక పెద్ద మచ్చ, ఎవరో రోజూ అక్కడికొచ్చి కన్ను ఆనించి లోపలికి తొంగిచూసినట్టు. ముఖం ఎక్కడా లేదు.

"ఏది?" అంది రాజమణి.

"అదేనమ్మా. ఆ తెల్లగ ఉన్నదంత అక్కే." ఇందుమతి తెర మీది పొగను వేలితో చూపించింది. "ఒక్క తాన నిలవడలే. ఎన్నడు కూసోలే. ఉరికినట్టున్నది గది నిండ."

"అబద్ధం. నా బిడ్డ చెప్పితే వినేది."

"వినలేదమ్మా. తాళం ఊడబీకింది. నాన్న చెప్పిండు."

తెర కరుగుతోంది. రాజమణి రెండు చేతులతో పొగను పట్టుకోబోయి గాజును గోకింది. విఠల్ ముందు పోయాడు. తర్వాత కిటికీ. పొగ చివరిదాకా ఉండి, అదీ పోయింది. వెనకాల ట్యూబులో ఏదో చిట్లిన శబ్దం వచ్చి, వాల్వులన్నీ ఒక్కసారి నీలంగా వెలిగి ఆరిపోయాయి.

"నువ్వు చెరిపేసినవ్" అంది రాజమణి. అరవలేదు. "కావాల్నని ఎక్కువ కరెంట్ పెట్టినవ్. దాని మొఖం నేను చూడొద్దని. పుట్టకముందు సంది నీకు దానితోని పోటీనే."

ఇందుమతి తల్లిని చేయి పట్టుకుని మెట్లు దింపబోతే ఆమె విదిలించుకుని గోడ పట్టుకుని దిగింది.

తొమ్మిది రోజులు రాజమణి కూతురితో మాట్లాడలేదు. పదో రోజు ఇందుమతి ఆఫీసునుంచి వచ్చేసరికి ఫొటో మళ్ళీ గోడమీద ఉంది. బొట్టు, కొత్త దండ.

"అమ్మా" అంది ఇందుమతి.

"నాకు ఒక మొఖం కావాలె" అంది రాజమణి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా. "ఇది కళ. ఇంట్ల ఎవ్వరు వేరే మాట అనొద్దు."

"మరి నేనో?"

"నువ్వున్నవ్ గద. నీకు ఫొటో ఎందుకు?"

వారం తర్వాత నిజామాబాద్ నుంచి మేనత్త సుగుణ వచ్చింది. చూపు కాస్త మందగించిన మనిషి. ఫొటో దగ్గరికి పోయి, కళ్ళద్దాలు సర్దుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఇది ఇందు గాదా వదినా? చిన్నప్పుడు అచ్చం గిట్లనే ఉండేది."

"పెద్దబిడ్డ" అంది రాజమణి. "దీనికి ఆ కళ యాడికెళ్ళి వస్తది?"

సుగుణ ఇటు తిరిగి ఇందుమతిని అడిగింది, "అవునానే? మీ అక్కనేనా?"

ఇందుమతి చాయ కప్పు ఆమె చేతికి అందించింది. తల్లి బియ్యం ఏరుతున్న చేతిని ఆపి ఇటే చూస్తోంది. ఎన్నో ఏళ్ళకు తల్లి తన ముఖంలోకి సూటిగా, బతిమాలుతున్నట్టు చూసింది.

"అక్కనే అత్తా" అంది ఇందుమతి. "నేనప్పటికి పుట్టలే."